ఖాసింబీ ఫ్రిజ్‌లో రెండు సీసాలు

నేను దెయ్యాలను నమ్మే మనిషిని కాను. నరసరావుపేటలో కిరాణా కొట్టు నాది. దిష్టి గుమ్మడికాయలు, నిమ్మకాయలు, కర్పూరం ఊరందరికీ అమ్మాను గానీ నా గుమ్మానికి ఒక్కటీ కట్టలేదు. నా భార్య రమణ ఎంత పోరినా వినలేదు. అలాంటివాణ్ణి ఇది రాస్తున్నానంటే నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి.

మా అమ్మాయి హారికకు తొమ్మిదో ఏట షుగర్ వచ్చింది. చిన్నపిల్లలకు వచ్చే రకం. రోజూ ఇన్సులిన్ సూదులు వేసుకోవాల్సిందే. కరోనా రెండో వేవ్ నాటికి దానికి పదహారేళ్ళు. షుగర్ ఉన్నవాళ్ళకు కరోనా వస్తే ప్రమాదమని టీవీలో విన్న రోజే దాన్ని మేడ మీద గదిలోకి మార్చేశాను. మందుల కోసం అక్కడే ఒక చిన్న ఫ్రిజ్ పెట్టించాను. కంచం మెట్ల మీద పెట్టేవాళ్ళం. అది కిందికి దిగకూడదు, స్నేహితురాళ్ళు ఎవరూ రాకూడదు. కొట్టు కూడా మూసేశాను. ఎందుకు మూశావని ఎవరైనా ఫోన్ చేస్తే "మా పిల్ల ఉంది కదండీ" అనేవాణ్ణి. ఆ మాట పైకి వినిపిస్తుందన్న ఇంగితం నాకు లేకపోయింది.

పొద్దునా సాయంత్రం మెట్ల కింద నిలబడి "షుగర్ ఎంతమ్మా?" అని అరిచేవాణ్ణి. అది అంకె చెప్పేది. నోటుబుక్కులో రాసి ఫోటో కూడా పంపేది. అంకెలు చానా బాగుండేవి. నా అంత జాగ్రత్తపరుడు ఈ వీధిలోనే లేడని మురిసిపోయాను.

పక్కింట్లో బైకు మెకానిక్ సైదా, ఆయన భార్య ఖాసింబీ ఉండేవాళ్ళు. పిల్లల్లేరు. మా డాబాకూ వాళ్ళ డాబాకూ మధ్య మనిషి పట్టేంత సందు. సాయంత్రం నాలుగింటికి ఆమె ఆరిన బట్టలు తీయడానికి వచ్చి, పిట్టగోడ దగ్గర నిలబడి హారికను పలకరించేది. "ఏమే, ఇయ్యాల మనసెట్టా ఉందే?" అని మొదలుపెట్టి గంటసేపు మాట్లాడేది. పనీపాటా లేని మనిషి అనుకునేవాణ్ణి.

తర్వాత ఆ భార్యాభర్తలిద్దరికీ కరోనా వచ్చింది. ఆమెను గుంటూరు ఆస్పత్రికి, ఆయన్ని కోవిడ్ సెంటర్‌కు తీసుకెళ్ళారు. ఇంటికి తాళం పడింది. తాళంచెవి సైదా దగ్గరే ఉంది. అయిదో రోజున ఖాసింబీ పోయింది. శవాన్ని ఇంటికి కూడా తేలేదు. ఈ సంగతి హారికకు తెలియనివ్వొద్దని రమణ చేత ఒట్టు వేయించుకున్నాను. వాళ్ళు చుట్టాలింటికి వెళ్ళారని చెప్పాం.

ఆమె పోయిన మూడో రోజున ఇన్సులిన్ తెచ్చాను. మా ఊళ్ళో దొరక్క సత్తెనపల్లి దాకా బండి మీద వెళ్ళాను. ఐదు సీసాలు. ఆ బిల్లు ఇప్పటికీ నా దగ్గర ఉంది.

మరో తొమ్మిది రోజులకు, సాయంత్రం నాలుగున్నర ప్రాంతంలో, హారిక గోడ పట్టుకుని మెట్లు దిగి వచ్చింది. పెదాలు ఎండిపోయి ఉన్నాయి. నేను చేసిన మొదటి పని మాస్కేదని కసరడం. అది ఆఖరి మెట్టు మీద కూలబడింది.

"సూదులు సరిగా ఏసుకోవట్లా నాన్నా. బుక్కులో రాసిందంతా అబద్ధం. ఇప్పుడే కిందికి పోయి చెప్పమంది పిన్ని."

"ఏ పిన్ని?"

"ఖాసింబీ పిన్ని. రోజూ నాలుగింటికి వస్తంది కదా."

రమణ వంటింటి గుమ్మంలోనే కూర్చుండిపోయింది.

ఆస్పత్రిలో నాలుగు రోజులు ఐసీయూలో ఉంచారు. ఒక్క రాత్రి ఆగి ఉంటే పిల్ల దక్కేది కాదన్నాడు డాక్టరు. తేరుకున్నాక ఎందుకిలా చేశావని అడిగాను. తను పోతే మేము తలుపులు తీసుకుని, కొట్టు తెరుచుకుని, అందరిలా బతకొచ్చు అనుకుందట. ఆ మాట నాతో అనలేకపోయావా అంటే, "నువ్వు షుగర్ ఎంతని మాత్రమే అడిగావుగా నాన్నా" అంది. అంతకన్నా చెప్పుతో కొట్టినా బాగుండేది.

షుగర్ అంత పెరిగితే లేనివి కనిపించడం మామూలేనన్నాడు డాక్టరు. నాకు ప్రాణం లేచొచ్చింది. చచ్చిపోయిన ఖాసింబీ సంగతి అక్కడితో తేలిపోయిందనుకున్నాను.

కోవిడ్ సెంటర్ నుంచి తిన్నగా అన్న ఇంటికి పోయి ఉన్న సైదా వారం తర్వాత తిరిగొచ్చి ఇంటి తాళం తీశాడు. పది నిమిషాల్లో మా గేటు దగ్గరికి వచ్చాడు. చేతిలో రెండు ఇన్సులిన్ సీసాలు.

"అన్నా, ఇయ్యి మీ పాపయ్యేనా? మా ఫ్రిజ్ తలుపులో ఉండాయి" అన్నాడు.

సీలు తీయలేదు. బ్యాచ్ నంబరు నా బిల్లు మీద ఉన్నదే. అంటే ఆమె పోయాక నేను కొన్నవి. సైదాతో వెళ్ళి చూశాను. తాళానికి గీత కూడా పడలేదు, కిటికీలకు ఊచలు, డాబా తలుపుకు లోపలి నుంచి గడియ. సైదా అబద్ధమాడాడా అంటే, ఆ సీసాలు పట్టుకుని ఆయన ఏడ్చిన ఏడుపు నేను చూశాను. హారికను అడిగితే, "నేనేసుకోనని పిన్నికిచ్చేశా. పాడవకుండా దాస్తానంది" అని మామూలుగా చెప్పింది.

ఇప్పటికీ అవి ఆ ఇంట్లోకి ఎలా వెళ్ళాయో చెప్పలేను. చానా రకాలుగా ఆలోచించాను, ఏదీ అతకలేదు. నేను మాత్రం ఆ రెండు నెలల్లో పద్నాలుగు మెట్లెక్కి పైకి వెళ్ళి నా కూతురి పక్కన ఒక్కసారి కూర్చోలేదు. అది తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

ఇక దాచి లాభం లేదని, ఖాసింబీ పోయిన సంగతి ఆ సాయంత్రమే హారికకు చెప్పాను. ఎలా తట్టుకుంటుందోనని దాని పక్కనే కూర్చున్నాను. అది నా చెయ్యి పట్టుకుంది.

"తెలుసు నాన్నా. మొదటి రోజే చెప్పింది. మీ నాన్నకు అప్పుడే చెప్పబాకే, తట్టుకోలేడు అంది."