జక్కయ్య చెంబు షికారు

సిపాయిగా రెండో ప్రపంచ యుద్ధానికి పోయి జర్మన్లకు పట్టుబడిన జక్కయ్య, అక్కడి చిన్న ఊళ్లో జనం సాయంత్రమైతే ఏ పనీ లేకుండా ఊరి చుట్టూ హాయిగా నడవడం ముళ్లకంచె లోపలి నుంచి చూసి మనసు పారేసుకున్నాడు. విడుదలై సొంతూరు మేడ్చల్ చేరగానే తనూ బూట్లు తుడుచుకుని, మీసం దువ్వుకుని, చర్చి వెనక నుంచి రైలు స్టేషను దాకా తీరిగ్గా నడక మొదలుపెట్టాడు. కనబడ్డవాళ్లంతా "ఎటు పోతున్నవ్ జక్కయ్యా?" అనేవారు. "ఊకెనే నడుస్తున్న" అంటే, ఎవరి చేను మీద కన్నేశాడోనని వెనకే వచ్చేవారు. చివరికి ఉపాయం తట్టింది. చేతిలో నీళ్ల చెంబున్న మనిషిని ఎటని ఎవరూ అడగరు. ఇక పొద్దునా సాయంత్రం చెంబు పట్టుకుని రాజాలా తిరిగాడు.

వారం గడిచాక పక్కింటి ఎలీషమ్మ అవ్వ దానిమ్మ తొక్క కషాయం కాచి తెచ్చింది. "గిన్నిసార్లు చెంబు వట్టుకొని పోతాంటే ఊరంత పరేషాన్ అయితాంది బిడ్డా. నిన్న చర్చిల నీ కడుపు కోసం ప్రార్థన గూడ జేసినం. తాగు."

జక్కయ్య నిజం చెప్పబోయి, మళ్లీ ఆ ప్రశ్నలన్నీ గుర్తొచ్చి, కళ్లు మూసుకుని కషాయం గటగటా తాగేశాడు. ఆ సాయంత్రం చెంబుతో బయలుదేరితే, ఎదురొచ్చిన ఎడ్లబండి కూడా గబగబా పక్కకు తప్పుకుని దారిచ్చింది.