ఇస్సాకు మాస్టారి కోసం వీణ మీద పియానో

తెనాలిలో వీణ హైమావతిగారంటే ఆటోస్టాండులో అడిగినా ఇల్లు చూపిస్తారు. అరవై దాటినా పిల్లలకు సరళీ స్వరాలు చెబుతూనే ఉంది. ఆవిడకి ఒక్కటే పిచ్చి. చిన్నప్పుడు బాపట్లలో ఇస్సాకు మాస్టారు వాయించగా విన్న పాశ్చాత్య పియానో సంగీతాన్ని వీణ మీద పలికించాలని. స్వరాలు రాసిచ్చిందీ మాస్టారే. పది వేళ్లు చేసే పనిని నాలుగు తీగల మీదికి దించడానికి రెండేళ్లు పట్టింది. స్వరాన్ని ఊపకుండా తిన్నగా వాయించడం మరీ కష్టం. అలవాటుపడ్డ వేలు ఊరుకుంటుందా!

ఈలోగా మాస్టారి చెవులు మొరాయించాయి. ఎదురుగా కూర్చుని వాయించినా వినపడదు, ఇయర్‌ఫోన్ పెట్టి గట్టిగా పెంచితేనే. ఆ కాస్త వినికిడీ ఈ నెల దాటదన్నాడు డాక్టరు.

"రికార్డు చేసి పట్టుకురామ్మా. ఒక్కసారి వింటే చాలు," అన్నారు మాస్టారు.

రేపల్లెలో ఆమె శిష్యుడు కిషోర్‌కి స్టూడియో ఉంది. మండే ఎండలో బస్సెక్కింది. వీణను కాళ్ల దగ్గర పెట్టబోతే డ్రైవరు గాభరాపడ్డాడు.

"అయ్యో, సరస్వతీదేవండీ! కాళ్ల దగ్గరేంటి? ఇలా పైన పెట్టండి పిన్నిగారూ," అని ఇంజను బానెట్ మీద తువ్వాలు పరిచి మరీ చోటిచ్చాడు.

ఆమె మురిసిపోయి దణ్ణం పెట్టుకుంది. వీణ మెట్లన్నీ మైనంలోనే నిలబడతాయన్న సంగతి అంత విద్వాంసురాలికీ తట్టలేదు చూడండి! భక్తి ముందుకొస్తే బుద్ధి వెనక సీట్లో కూర్చుంటుంది.

భట్టిప్రోలు దాటి రేపల్లెలో దిగేసరికి ఇంజను వేడికి మైనం మెత్తబడి, ఇరవై నాలుగు మెట్లూ తలోదారి పట్టాయి. కిషోర్ మైకు పెట్టాడు. ఒక్క స్వరమూ నిలవలేదు.

"పోనీ, కంప్యూటర్లో సరిచేస్తానండి మేడమ్," అన్నాడు పాపం.

ఆమె అక్కడే కూలబడి ఏడ్చింది. తన చేతులారా చేసుకున్నందుకు ఏడ్చింది.

మెట్లు కట్టేవాడు దొరికి, పని పూర్తవడానికి ఇరవై రెండు రోజులు పట్టింది. ఈసారి కారులో, ఒళ్లో పెట్టుకుని తీసుకెళ్లి రికార్డు చేసింది. జన్మలో అంత బాగా ఎప్పుడూ వాయించలేదు.

బాపట్లలో మాస్టారు మంచం మీద కూర్చుని ఉన్నారు. ఆమెను చూడగానే మొహం విప్పారింది. హైమావతి ఇయర్‌ఫోన్లు ఆయన చెవుల్లో పెట్టింది. ఆయన కళ్లు మూసుకుని మెల్లగా తల ఊపారు. వేళ్లు దుప్పటి మీద కదిలాయి.

"చాలా బాగుందమ్మా! ఎడమచేతి స్వరాలు కూడా వదల్లేదు నువ్వు," అన్నారు.

హైమావతి ఇంకా ఫోనులో ప్లే నొక్కనే లేదు.