పొగ రాని ఇంజన్

అత్తయ్యగారు పోయాక మామగారు కెనడాకి, స్కార్‌బరోలో మా దగ్గరికి వచ్చేశారు. కాకినాడలో క్షణం ఖాళీగా ఉండని మనిషికి మా ఇంట్లో ఒక్క పనీ దొరకలేదు. గిన్నెలు తోమబోతే మా ఆయన "డిష్‌వాషర్ ఉంది కదా నాన్నా" అనేవాడు. చెత్త బయట పెట్టబోతే, ఏ డబ్బాలో ఏది వెయ్యాలో నీకు తెలియదనేవాడు. పోనీ కూర్చుంటే, "రోజంతా ఆ టీవీయేనా?" నోరు తెరిస్తే తండ్రిని తక్కువ చెయ్యకుండా మూసేవాడు కాదు.

అందుకే మంచు ఎత్తి పక్కకి చిమ్మే పాత స్నో బ్లోయర్ మొరాయించిన రోజు మామగారి ముఖం వెలిగిపోయింది. ఎవరో ఇల్లు ఖాళీ చేస్తూ అమ్మితే మా ఆయన అంతకుముందు వారమే కొన్నది అది. రోడ్డు మీద మంచు తోసుకుంటూ పోయిన సిటీ బండి కారు బయటికి తీసే మా డ్రైవ్‌వే మొదట్లో నడుమెత్తు గుట్ట పోసి పోయింది. మా ఆయన తాడు లాగి లాగి, విసుగెత్తి, బ్లోయర్‌ను బూటుతో తన్నాడు.

"జరుగు. టూ స్ట్రోకే కదా, మన స్కూటర్‌కి తమ్ముడే ఇది," అన్నారు మామగారు.

ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఆయన తన స్కూటర్‌ను మెకానిక్ చేతికి ఇవ్వలేదట. ప్లగ్ విప్పి చూశారు. పెట్రోలుతో తడిసి ఉంది. "చోక్ వేసి ఊరికే లాగేశావురా, ఇంజన్‌కి పెట్రోలు ఎక్కువైపోయింది." ప్లగ్‌ను పాత బనీను గుడ్డతో తుడిచి, గరుకు కాగితంతో మసి గీకారు. ప్లగ్ పెట్టకుండానే కాసేపు తాడు లాగి, లోపల చేరిన పెట్రోలు బయటికి పోనిచ్చారు. తిరిగి బిగించబోతూ ఆగారు.

"ఒరేయ్, పెట్రోల్లో ఆయిల్ కలిపావా?"

"ఇక్కడ అన్నీ కలిపే ఇస్తారు నాన్నా. ఇది కెనడా."

మన దగ్గర బంకువాడే ఆయిల్ కొట్టి పెట్రోలు పోసేవాడు. కాలేజీ రోజుల్లో తండ్రి స్కూటర్ మీద షికార్లు కొట్టిన మా ఆయన ట్యాంకు మూత తియ్యడం తప్ప ఇంకేం చెయ్యలేదు. ఇక్కడ పెట్రోలు తనే పట్టుకుంటున్నా, ఆయిల్ సంగతి ఇంకెవరో చూసుకుంటారనే అనుకున్నాడు.

మామగారు ప్లగ్ బిగించి, చోక్ తీసి లాగగానే ఇంజన్ అందుకుంది. మంచు ఎగిరి పక్కన పడుతుంటే మా పాప చప్పట్లు కొట్టింది. మామగారు మాత్రం మాటిమాటికీ ఇంజన్ వంకే చూస్తున్నారు. "ఆయిల్ కలిస్తే నీలం పొగ రావాలి కదమ్మా, రావట్లేదేంటి?" అని నన్నడిగారు. నాకేం తెలుసు? గుట్ట సగం తగ్గేసరికి ఇంజన్ గొంతు సన్నబడి, కీచుమని ఆగిపోయింది. తాడు లాగితే కదలలేదు. పిస్టన్ పట్టేసింది.

"చేశావా నాన్నా? బాగున్నదాన్ని చంపేశావు. స్కూటర్ తోలిన ప్రతివాడూ ఇంజనీరే! ఇకమీదట ఈ ఇంట్లో నన్నడక్కుండా దేన్నీ ముట్టుకోకు."

"తాత బ్రోక్ ఇట్," అంది పాప. మా ఆయన నవ్వాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

అమ్మినవాళ్లు బ్లోయర్‌తో పాటు ఇచ్చిన ఆయిల్ సీసా గ్యారేజ్ అరలో సీలు తియ్యకుండానే ఉంది. తెచ్చి, భోజనాల దగ్గర మా ఆయన కంచం పక్కన పెట్టాను. "పెట్రోల్లో ఇది కలపకపోతే ఇంజన్ పట్టేస్తుందని దీనిమీదే రాసుంది. మావయ్యగారు అడిగారు కూడా. చంపింది మీరే," అన్నాను. సీసా తిప్పి చదివాడు. ముఖం ఎర్రబడింది. సీసాను కంచానికి దూరంగా నెట్టేశాడు.

మాట మామగారే అందుకున్నారు. "పొగ రానప్పుడే నేను ఆపెయ్యాల్సిందమ్మా. తప్పు నాదే. వాణ్ణేమీ అనకు."

మా ఆయన ఆ మాట కోసమే కాచుకున్నట్టు, "అదీ!" అని అన్నం కలుపుకున్నాడు.

మర్నాడు పొద్దున్న నేను వంటింట్లోకి వచ్చేసరికి మామగారు టీకి నీళ్లు పెట్టుకుని, చేతులు వెనక్కి కట్టుకుని స్టవ్ ముందు నిలబడి ఉన్నారు. హాల్లోకి చూసి అడిగారు.

"ఏరా, స్టవ్ వెలిగించుకోవచ్చా?"

మా ఆయన లాప్‌టాప్‌లోంచి తలెత్తలేదు.

"సరే, ఈ ఒక్కసారికి వెలిగించుకో."