ఊఁ కొట్టే మనిషి

అత్త నిన్న సొంత మనవరాలి పేరే మరిచిపోయింది. అప్పటినుంచి కోడలికి గుండెల్లో రాయి పడింది. కొండ దిగి వచ్చిన తమ పెద్దల కథ, నలభై తరాల పేర్లతో సహా, ఆ ముసలామె నోట్లోనే ఉంది. ఇంకెవరికీ రాదు.

ఫోన్‌లో రికార్డింగ్ పెట్టి, చప్పుడు పడకూడదని కోడలు ఊపిరి బిగబట్టి కూర్చుంది. పదకొండో పేరు చెప్పి అత్త ఆగిపోయింది. తర్వాతిది మరిచిపోయిందేమోనని కోడలు ఆమె ముఖంలోకి చూసింది.

"ఏమే, నోట్లో బెల్లంగడ్డ పెట్టుకున్నావా? ఊఁ కొట్టందే తర్వాతి పేరు చెప్పకూడదని తెలీదూ? నా కొడుకైతే ఒక్కటీ వదిలేవాడు కాదు."

కోడలి భర్త పోయాక ఆ పని ఎవరూ చేయలేదు. కానీ ఇందాక పది పేర్లూ ఊఁ లేకుండానే వచ్చాయి.

"మళ్ళీ మొదటినుంచి చెప్పత్తా," అంది కోడలు.

పేరు పేరుకీ ఊఁ కొట్టింది. పదకొండో పేరుకి ఇంకాస్త గట్టిగా కొట్టి, అత్త పెదవులకేసి చూస్తూ కొంగు పిడికిట బిగించింది.