తేలిన గుడ్లు

బాతుల బాబాయి మా అపార్ట్‌మెంట్‌లో ఒక గూడు కావాలనే వదిలేశాడంటారు. బాతులు పూర్తిగా పోతే తన కూటికే ఎసరు కదా, అందుకని వచ్చే ఏడాదికి విత్తనం దాచుకున్నాడని మెట్ల దగ్గర చెప్పుకుంటారు.

ఆయన మునిసిపాలిటీ మనిషి. ఎవరో సరదాకి పెంచి, విసుగొచ్చి వదిలేసిన బాతులు వందలై, కార్ల కిందా పూలకుండీల్లోనూ గుడ్లు పెడుతుంటే వాటిని తగ్గించడమే ఆయన పని. గుడ్లు ఎత్తుకుపోతే బాతు మళ్లీ పెడుతుంది. అందుకని నూనె పూసి తిరిగి గూట్లోనే ఉంచేవాడు. నూనె పూసిన గుడ్డుకు గాలి అందదు. తల్లి మాత్రం పిల్లలొస్తాయని పొదుగుతూనే ఉంటుంది.

"పాపిష్టి పని తల్లీ, తిట్టుకుంటే తిట్టుకో," అని దానితో చెప్పి లేచేవాడు.

మా వాటాకి ఆనుకుని, కరెంటు మీటర్ల వెనక గూడు దొరికిన రోజు నన్ను బకెట్‌తో నీళ్లడిగాడు. గుడ్లు ఒక్కొక్కటే అందులో వేశాడు. పదకొండూ తేలాయి.

"తేలిందంటే లోపల పిల్ల తయారైనట్టేనమ్మా. ఇక నూనె పూయకూడదు, అది మా రూలు," అంటూ తుడిచి మళ్లీ గూట్లో పెట్టాడు. పుట్టాక వచ్చి పట్టుకెళ్తానని తన వల అక్కడే ఉంచి వెళ్లాడు.

అవి ఆయన సెలవు రోజునే పుట్టాయి. పదకొండూ తల్లి వెనక వరసగా, అపార్ట్‌మెంట్ సెక్రటరీ కారు ముందునుంచే నడిచి వెళ్లిపోయాయి.

మీటింగ్ పెట్టారు. ఫిర్యాదు మీద అందరూ సంతకాలు చేస్తే ఆయన ఉద్యోగం ఊడుతుంది.

"గుడ్లు తేలాయండీ," అన్నాడాయన.

"తేలాయో మునిగాయో ఎవరు చూశారయ్యా?" అన్నాడు సెక్రటరీ.

"బాతులకి పురుడు పోసేవాడికి జీతం ఒకటి!" అని వెనకనుంచి ఎవరో అంటే అందరూ నవ్వారు.

నేను చూశాను. పదిమందిలో నోరు తెరవాలంటే నాకు చెమటలు పడతాయి. అయినా లేవబోయాను. అమ్మ చెయ్యి పట్టి లాగింది. "నీకెందుకే? కూర్చో."

కూర్చున్నాను. కాగితం మా దగ్గరికొస్తే అమ్మ సంతకం పెట్టింది.

నాలుగు రోజుల తర్వాత, మీటర్ల వెనక ఉండిపోయిన వల కోసం ఆయన వచ్చాడు. పనిలోంచి తీసేశారట.

"వచ్చే ఏడాది ఈ పని ఎవరు చేస్తారు బాబాయ్?" అని మాత్రం అడగగలిగాను.

"ఎవర్నో వేస్తార్లేమ్మా. నేనైతే ఎలాగూ ఉండేవాణ్ణి కాదు," అన్నాడు వల మడుస్తూ. "ఈ నెలాఖరుకే నా రిటైర్మెంటు."