మిషన్ చూపని అంకె

మా అర్బాబ్‌కి తుపాకీ అంటే ఎంత ప్రాణమో, నాకు దాన్ని చూస్తే అంత భయం. ఒమన్‌లోని సహంలో ఆయన తోట నాది. అంటే నీళ్లు పెట్టే పని నాది, తోట ఆయనది. యజమానిని ఇక్కడ అర్బాబ్ అంటాం. శుక్రవారం మాత్రం నా డ్యూటీ మారేది. కొండల పక్కన ఎండిన వాగులో ఆయన గురిపోటీలకు సాధన చేసుకునేవాడు. తుపాకీ ముందు స్టాండు మీద ఒక మిషన్ ఉండేది. గుండు దాని మీదుగా దూసుకుపోగానే నా చేతిలోని డబ్బాలో దాని వేగం అంకెగా పడేది. నేను పైకి చదివి, పుస్తకంలో రాయాలి.

మొదటి రోజే ఆయన ఒక మాట చెప్పి నన్ను హడలగొట్టాడు. తూటాలో మందు తక్కువ పడితే గుండు బయటికి పోకుండా గొట్టంలోనే ఇరుక్కుంటుందట. అది తెలియక దాని వెనకాల ఇంకోటి పేలిస్తే గొట్టం పగిలి కాల్చేవాడి మొహం మీదికే వస్తుందట. ఆ రోజు నుంచి ప్రతి తూటాకీ నేను కళ్లు మూసుకునేవాణ్ణి.

కంపెనీ తూటాలంటే అర్బాబ్‌కి ఒళ్లు మంట. అన్నీ ఒకే పెట్టెలోవే, కానీ ఒకటి సెకనుకు ఎనిమిది వందల పన్నెండు మీటర్లు, తర్వాతది ఎనిమిది వందల నలభై. వేగం అలా గంతులేస్తే దూరపు బోర్డు మీద ఒక దెబ్బ పైన, ఒక దెబ్బ కింద తగిలేది. అందుకని మందు తానే తూచి, తూటాలు తానే తయారు చేసుకునేవాడు. వాటి వేగం ఎనిమిది వందల ఇరవై ఆరు, ఇరవై ఎనిమిది, ఇరవై ఏడు. మనవడి మార్కుల కాగితం చూసుకున్నట్టు ఆ పేజీలు చూసుకుని మురిసిపోయేవాడు.

ఆ మురిపెంలో నా చేయి కూడా కొంత ఉంది. ఎండ నడినెత్తికి వస్తే ఆ మిషన్ పనిచేయదు. అంకె బదులు రెండు గీతలు వస్తాయి. మొదట్లో ఉన్నదున్నట్టు చెప్పాను. తూటా వృథా అయిందని, మిషన్ సరిగా పెట్టడం చేతకాదని కసిరాడు. నాకంటే ముందు ఈ పని చేసిన జగిత్యాల అన్న మా రూమ్‌లోనే ఉండేవాడు. ఆయనకు చెప్పుకుంటే నవ్వాడు.

"ఖాళీ ఎందుకిడిసిపెడ్తవ్‌రా? సైట్ల లాగ్ షీట్లు ఎట్ల నింపినం మనం? ముందటి అంకెకు ఒకటి ఎక్కువనో తక్కువనో ఏసి రాయి. ఆయన చేసినయన్నీ ఒక్క తీర్గనే ఉంటయి గద."

నిజమే. తోట పనికి రాకముందు కాంక్రీటు వేడి కొలవకుండానే గళ్లన్నీ నింపిన చేతులు మావి. గడి ఖాళీగా ఉంటేనే ఇంజనీరు తిడతాడు, అంకె ఉంటే ఎవరూ అడగరు. కంపెనీ తూటాలకు దొంగ అంకె వేయాలంటే జంకేవాణ్ణి, ఎంత వేయాలో అంతుపట్టదు. అర్బాబ్ చేసినవాటికి ఆ బాధ లేదు, పక్కదాన్ని చూసి వేస్తే సరిపోయేది.

ఆ శుక్రవారం ఆయన తన తూటాలు ఆరు కాల్చాడు. ఏడోది, చప్పుడు ఆగడానికి పెట్టుకున్న చెవి డిప్పల్లోంచి కూడా తేడాగా వినిపించింది. ధన్ అనాల్సింది టప్ అంది. తుపాకీ తన్నుకు ప్రతిసారీ వెనక్కి పోయే ఆయన భుజం కదల్లేదు. ఆయనకూ అనుమానం వచ్చినట్టుంది, ఒక చెవి డిప్ప ఎత్తి, ఎంత వచ్చిందని నా వైపు తిరిగాడు.

"కిత్నా ఆయా?"

డబ్బాలో రెండు గీతలు. నోరు అలవాటు కొద్దీ అనేసింది.

"ఆఠ్ సౌ సత్తాయీస్, అర్బాబ్."

ఎనిమిది వందల ఇరవై ఏడు. ఆయన మొహం తేటపడింది. తన భుజం కంటే నా అంకెను నమ్మాడు. చెవి డిప్ప దించుకుని, బోల్ట్ లాగి, ఇంకో తూటా పెట్టాడు.

తలెత్తి చూశాను. ఎండ ఇంకా ఎక్కలేదు, మిషన్ తప్పు కాదు. గుండు గొట్టంలోనే ఉంది. చెప్పాలి. చెబితే ఇన్నాళ్లు రాసినవాటిలో దొంగవెన్ని అని అడుగుతాడు. ఆయన చెంప తుపాకీకి ఆనించాడు. వేలు ట్రిగ్గర్ లోపలికి పోయింది.

"నంబర్ నహీ ఆయా! ఝూట్ బోలా మై!"

అంకె రాలేదు, అబద్ధం చెప్పాను అన్న నా అరుపు ఆయన చెవుల దాకా పోలేదు. తుపాకీ మీది దుర్భిణీ ముందు అరచేయి అడ్డం పెట్టేశాను.

"పాగల్!" అని లేచాడు. నా మొహం చూసి ఆగాడు. తూటా తీసేసి, బోల్ట్ ఊడదీసి, గొట్టాన్ని ఆకాశం వైపు పట్టి లోపలికి చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత నన్ను చూడమన్నాడు. అటు చివర వెలుతురు లేదు, నల్లగా ఉంది.

ఇసుకలో కూలబడి పుస్తకం నా ముందుకు తోశాడు. దొంగవాటి మీద గీత కొట్టమన్నాడు. పెన్ను పట్టుకుని కూర్చున్నాను. ఏవి మిషన్‌వో ఏవి నావో నాకే తెలియలేదు. చివరికి ఆయనే పెన్ను లాక్కుని పేజీలన్నీ కొట్టేశాడు.

తిట్టాల్సిన తిట్లు తిట్టాడు గానీ నన్ను ఇంటికి పంపలేదు. పైగా ఇప్పుడు చుట్టాలెవరొచ్చినా నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకుని, తన ప్రాణం కాపాడినవాడు వీడే అని చెప్తాడు. తన చేత్తో గావా, అంటే వాళ్ల కాఫీ, పోసిస్తాడు. నేను తల దించుకుంటాను, సిగ్గుపడుతున్నాననుకుంటారు. ఆ వేలు లోపలికి పోతుంటే నేను లెక్కపెట్టుకున్నది, నిజం చెబితే పోయే నా వీసాలో ఇంకా ఎన్ని నెలలున్నాయో అని.