పట్టుచీరల ఇంట్లో మగ ఎలుకలు

ఆ రోజుల్లో, ఏ పనైనా మొదలుపెట్టేముందు ఆలోచించడం పెద్దవాళ్ల బాధ్యత అనుకునేదాన్ని. లేకపోతే ధర్మవరంలో, పట్టుచీరలు నేసే ఇంట్లో పుట్టి, ఎలుకలు పెంచాలని ఎవరికైనా బుద్ధి పుడుతుందా? మగ్గం ఉన్న ఇంటికి ఎలుకను మించిన శత్రువు లేదు. ఒక్కసారి పడుగులో దూరిందంటే నేసినవాడి కష్టమంతా పీచు పీచవుతుంది. అటువంటి ఇంటి మిద్దె మీద నేను, జంతుశాస్త్రం డిగ్రీ ఉందన్న ధైర్యంతో, పంజరాలు పెట్టి తెల్ల ఎలుకల చేత కాపురాలు చేయించాను. అనంతపురంలో పెంపుడు జంతువులు అమ్మే అంగడి ఆయన, ఎన్ని పిల్లలు పుట్టినా తీసుకుంటానని మాటిచ్చాడు. (ఎన్ని పుడతాయో ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు.)

పుట్టడం వరకు బాగానే జరిగింది. చిక్కంతా మగవాటితో వచ్చింది. ఆడవి తమ గూడేమో తామేమో అన్నట్టు ఉండేవి. మగవి మాత్రం పక్క పంజరంలోని ఆడవాటి వాసన తగిలితే చాలు, నడిచిన చోటల్లా చుక్క చుక్కగా ఉచ్చ పోసుకుంటూ ‘ఇది నాది, అదీ నాదే’ అని చాటుకునేవి. అందులో అన్నిటికన్నా లావుపాటిదానికి చైర్మన్ అని పేరు పెట్టాను. చైర్మన్ గారి కంపు మెల్లగా మెట్లు దిగి మగ్గం గదిలోకి వచ్చేసింది. పట్టు ఏ వాసననైనా ఇట్టే పీల్చుకుంటుంది. పైగా మా చీరలు కొనే సావుకారికి, మడత విప్పగానే చీరను ముక్కు దగ్గర పెట్టుకునే అలవాటు. నాయన మగ్గం ఆపి నన్ను పిలిచాడు.

“సోమవారం సావుకారి వస్తాండాడు. ఆ పొద్దుకి ఆ కంపన్నా పోవల్ల, నీ ఎలుకలన్నా పోవల్ల. ఏదో ఒకటి నువ్వే చూసుకో పాపా.”

నాయన రెండోసారి చెప్పే మనిషి కాదు. నాదంటూ మొదలుపెట్టిన మొదటి పని, నడక కూడా నేర్వకముందే ఆగిపోయేలా ఉంది. నాకు ఏడుపొచ్చింది, దానికన్నా ఎక్కువగా కోపమొచ్చింది. పొద్దున లేస్తూనే పంజరాలన్నీ ఫినాయిలు వేసి కడగడం మొదలుపెట్టాను. కుళాయి ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాల్సిన ఊళ్లో, బిందెలకు బిందెలు ఎలుకల పాలు చేశాను. “తాగేకి నీళ్లు లేకుంటే, నువ్వు ఎలుకలకి తలంటు పోస్తాండావా మే?” అని అమ్మ మెట్ల కిందనుంచే దులిపేసేది. అది చాలదని సాయంత్రం సాంబ్రాణి పొగ వేశాను. అవ్వ మెట్లెక్కి వచ్చి కళ్లు మూసుకుని దండం పెట్టుకుంది. పక్కింటామె “ఏం మొక్కుకున్యారు?” అని గోడ మీదుగా అడిగింది. ఎలుకలు తుమ్మాయి. పాపం వాటి గొంతు పాడవుతుందని ఆ పూటతోనే పొగ మానేశాను. ఇంత చేసినా, తెల్లారేసరికి కంపు నిన్నటికన్నా ఘాటుగా నన్ను పలకరించేది.

ఆ మరునాడు కుళాయి రానేలేదు. అమ్మ ఉన్న బిందెలన్నీ వంటింట్లో పెట్టి తలుపు వేసుకుంది. ఇక చేసేదేముంది? పంజరాల్లో పరిచిన పొట్టులో తడిసినది మాత్రం ఎత్తిపారేసి, దాని చోట ఎండబెట్టిన సెనక్కాయ పొట్టు వేశాను. పొడిగా ఉన్నదాన్ని అలాగే వదిలేశాను. చైర్మన్ మొహం చూడబుద్ధి కాక, మగవాటి పంజరాన్ని ఆడవాటికి దూరంగా, మిద్దె ఆ చివర గాలి బాగా ఆడే చోట పెట్టాను. మరుసటి పొద్దున పైకి వెళ్తే ముక్కు మూసుకోవాల్సిన అవసరం రాలేదు. ఆ మరుసటి రోజు ఇంకా తగ్గింది. అప్పుడు వెలిగింది నాకు. రాత్రి ఎవరో ఫ్లెక్సీలు పీకేస్తే నాయకులు ఊరుకుంటారా? తెల్లారేసరికి రెండింతలు కట్టిస్తారు. నేను వాటి గుర్తులన్నీ కడిగేస్తుంటే చైర్మన్ వర్గం చేసిందీ అదే. కొంత పాత పొట్టు ఉంచి, ఆడవాటి వాసన తగలకుండా చేస్తే, వాటికి అంత ప్రచారం అవసరం పడలేదు. మిద్దె మీద ఒక్కదాన్నే చిన్న గంతు వేశాను. (చూసిన అవ్వ, మొక్కు తీరిందనుకుంది.) ఆ రాత్రే మగ్గం దగ్గరికెళ్లి ఇదంతా నాయనకు చెప్పాను.

సోమవారం సావుకారి వచ్చాడు. నాయన చీర మడత విప్పాడు. ఆయన ముక్కు దగ్గర పెట్టుకుని నిదానంగా పీల్చాడు. నేను మెట్ల మీద నిలబడి నిక్కి చూశాను.

“బాగుండాదప్పా. కొత్త పట్టు వాసన,” అని చీర పక్కన పెట్టి, “అవునూ, మీ ఇంట్లో తెల్ల ఎలుకలుండాయంటనే? మా మనవరాలు ఒకటే పోరు పెడతాంది,” అన్నాడు.

నాయన గొంతు సవరించుకున్నాడు. “ఇస్తాలే అన్నా. మగవైతే మటుకు ఊరికే కడగగాకండి. కడిగేకొద్దీ కంపు జాస్తి అవుతాది. తడిసిన పొట్టు మాత్రం తీసేసి, మిగతాది అట్లే పెట్టల్ల. ఆడవాటికి దూరంగా పెట్టల్ల,” అన్నాడు, చిన్నప్పటినుంచీ ఎలుకలు కాచినవాడిలా.

ఇప్పుడు నాకు ఊరి బయట రేకుల షెడ్డు ఉంది, ఫ్యాన్లున్నాయి, మగవాటికి వేరే గది ఉంది. పని నేర్చుకోవడానికి వచ్చేవాళ్లకు ఇవన్నీ గంభీరంగా చెబుతుంటాను. కానీ ఆ మెట్ల మీద, ఫినాయిలు వాసన పోని చేతులతో నిలబడి నిక్కుతున్న పిల్లను తలచుకుంటే నవ్వొస్తుంది. కాస్త అసూయ కూడా కలుగుతుంది. ఆ తర్వాత ఎన్నో గెలిచాను. నాయన నా మాటను తన మాటలా ఇంకొకరికి చెప్పడం విన్నప్పుడు కలిగినంత గర్వం మాత్రం మళ్లీ కలగలేదు.